మెట్ల గోడ మీద జలాశయాలు: ఒక ఎత్తుల పట్టిక డైరీ

మే, మొదటి వారం

వానలు మొదలయ్యాక పత్రికల్లో రోజూ ఒక చిన్న పెట్టె వస్తుంది. శ్రీశైలం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590 అడుగులు, జూరాల 318.516 మీటర్లు, శ్రీరామసాగర్ 1091 అడుగులు, ఎల్లంపల్లి 148 మీటర్లు. పక్కనే ఆ రోజు మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో. ఏళ్ల తరబడి చదువుతున్నా ఈ అంకెలకు ఒకదానితో ఒకటి పొంతన కుదరదు. పైగా చాలామంది వీటిని లోతు అనుకుంటారు. శ్రీశైలంలో 885 అడుగుల లోతు నీళ్లున్నాయని గట్టిగా వాదించేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అది లోతు కాదు, సముద్రమట్టం నుంచి నీటి ఉపరితలం ఎంత ఎత్తులో ఉందో చెప్పే లెక్క. శ్రీశైలం డ్యామ్ పునాదితో కలిపి 145 మీటర్లు. నీళ్లు నిండుగా ఉన్నప్పటి మట్టం 269.75 మీటర్లు. ఆ రెండూ వేర్వేరు సంగతులు.

పెట్టుకున్న పని ఇది. మన రెండు రాష్ట్రాల జలాశయాలను, పక్క రాష్ట్రాల్లో ఉండి మన నీళ్లతో ముడిపడిన కొన్నింటిని, ఒకే సున్నా నుంచి ఒకే కొలతలో ఒకే గోడ మీద గుర్తించాలి. ఎక్కడి నీళ్లు ఎక్కడికి వాటంగా పారతాయో, ఎక్కడ మోటార్లు పెట్టి ఎత్తిపోయాలో చూడగానే తెలియాలి. గ్రాఫు కాగితం మీద గీస్తే ఇది పావుగంట పని. కానీ కాగితం మీద కొల్లేరు, ప్రకాశం బ్యారేజీ ఒకే చుక్కగా కలిసిపోతాయి. అందుకే గోడ కావాలి, అదీ పొడవాటి గోడ.

మా అపార్ట్‌మెంట్ మెట్ల దారి సరిగ్గా సరిపోయింది. పార్కింగ్ నేల నుంచి మూడో అంతస్తు గడప దాకా తొమ్మిది మీటర్ల పైచిలుకు ఉంది. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వేసుకుంటే 900 మీటర్ల ఎత్తు దాకా ఏదైనా ఇందులో ఇముడుతుంది. ఒక్కో మెట్టు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే ఒక మెట్టు ఎక్కితే 15 మీటర్లు ఎక్కినట్టు. అసోసియేషన్ ఒప్పుకుంది, రెండు షరతులతో: గోడకు మేకు దిగకూడదు, వేసినది ఏదైనా తడిగుడ్డతో తుడిస్తే పోవాలి. కనుక పెయింటు ఆలోచన మానుకుని కాగితపు టేపు, పెన్సిలు గీతలతో సరిపెట్టుకున్నాను.

మే, మూడో వారం

పట్టిక తయారవుతోంది. గోడ పని కంటే ఇదే ఎక్కువ తలనొప్పి.

ముందుగా తేల్చుకోవలసింది, ఏ మట్టం తీసుకోవాలన్నది. జలాశయానికి ఎత్తు ఒకటి కాదు. నది అడుగు, కాలువ తూము, స్పిల్‌వే అంచు, కనీస నీటిమట్టం, పూర్తిస్థాయి నీటిమట్టం, డ్యామ్ పైభాగం, ఇవన్నీ వేర్వేరు. నేను పూర్తిస్థాయి నీటిమట్టమే తీసుకున్నాను, ఇంజినీర్లు ఎఫ్‌ఆర్‌ఎల్ అనేది. అది కాగితం మీద స్థిరంగా ఉంటుంది, ప్రతి ప్రాజెక్టుకూ దొరుకుతుంది.

తరవాత అడుగులు, మీటర్లు. మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది. అంతకు ముందు ఏడాదే శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ అడుగుల్లో ఉండడం సహజం. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు, అంటే శ్రీరామసాగర్, కూడా అడుగుల్లోనే ఉండిపోయింది. సింగూరు 523.6, ఎల్లంపల్లి 148, గండికోట 212, కండలేరు 85, ఇవి మీటర్లు. నిజాంసాగర్ 1405, దిగువ మానేరు 920, కడెం 700, సోమశిల 330, ఇవి అడుగులు. హైదరాబాద్ ఒక్క నగరంలోనే రెండూ ఉన్నాయి. గండిపేట 1790 అడుగులు, హిమాయత్‌సాగర్ 1763.5 అడుగులు, హుస్సేన్‌సాగర్ మాత్రం 513.41 మీటర్లు. అన్నిటికంటే ముచ్చటైనది తిరుమల. కొండ మీద అయిదు డ్యామ్‌లుంటే పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార మట్టాలు మీటర్లలో చెబుతారు, గోగర్భం ఒక్కటే 2894 అడుగులు. గోవిందుడి దగ్గర కూడా కొలమానాల విషయంలో ఏకాభిప్రాయం లేదన్నమాట. పూర్తిగా మీటర్లలో కట్టిన కొత్త ప్రాజెక్టుల్లో సైతం నిల్వను టీఎంసీల్లోనే చెబుతాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కనుక అడుగు మనల్ని ఇప్పట్లో వదలదు.

అడుగును 0.3048తో గుణిస్తే మీటరు. అది కంప్యూటర్ చూసుకుంటుంది. కంప్యూటర్ చూసుకోలేనిది గేజీల సంగతి, అంటే నీటిమట్టం చూడడానికి అక్కడికక్కడ పెట్టుకున్న కొలబద్దల సంగతి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులని రాస్తారు. అది గేట్ల అడుగు నుంచి కొలిచినది. సముద్రమట్టం నుంచి లెక్కిస్తే 57.05 అడుగులు, అంటే 17.39 మీటర్లు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ఇవన్నీ అక్కడి గేజీ సున్నా నుంచి కొలిచేవి, సముద్రం నుంచి కాదు. వాటిని ఉన్నవి ఉన్నట్టు గోడ మీద పెడితే భద్రాచలం మూడో ప్రమాద హెచ్చరిక 16 మీటర్ల దగ్గరకు వచ్చి, బెజవాడ బ్యారేజీలో నిలిచిన నీళ్ల కంటే కిందికి పోతుంది. రామాలయం కృష్ణా డెల్టాలో తేలుతుంది. నది గేజీలను అందుకే గోడ మీదికి రానివ్వలేదు.

మే, చివర

ఎత్తులను స్వయంగా సరిచూద్దామని ఫోనులో ఒక యాప్ పెట్టుకుని ప్రకాశం బ్యారేజీ మీద నిలబడ్డాను. మైనస్ అంకె చూపించింది. కృష్ణమ్మ సముద్రం కంటే కింద పారుతోందట!

ఫోను తప్పేమీ లేదు. ఉపగ్రహాలు చెప్పేది భూమికి ఊహించుకున్న ఒక నున్నటి అండాకార రూపం నుంచి ఎత్తు. అసలు సముద్రమట్టం, భూమి ఆకర్షణలోని హెచ్చుతగ్గుల వల్ల, ఆ ఊహా రూపంతో కలవదు. హిందూ మహాసముద్రంలో, మనకు దక్షిణాన, ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లం ఉంది. దాని ప్రభావంతో తెలుగు నేల మీద ఈ తేడా ఇంచుమించు 60 నుంచి 90 మీటర్లు. కొన్ని యాప్‌లు దాన్ని సర్ది చూపిస్తాయి, కొన్ని చూపించవు. గోడ మీద 60 సెంటీమీటర్ల తేడా అంటే నాలుగు మెట్లు. జలాశయాల ఎత్తులు ఈ పద్ధతిలో వచ్చినవి కావు. సర్వే ఆఫ్ ఇండియా విశాఖపట్నం, మద్రాసు వంటి రేవుల్లో ఏళ్ల తరబడి ఆటుపోట్లు కొలిచి, సగటు సముద్రమట్టం తేల్చి, అక్కడి నుంచి లెవెలింగ్ చేసుకుంటూ దేశమంతా బెంచ్‌మార్కులు పాతింది. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద ఊరి పేరుతో పాటు కనిపించే ఎత్తు కూడా సగటు సముద్రమట్టం నుంచి లెక్కించినదే.

ఉపగ్రహ ఎత్తుల పటాలు కూడా చూశాను. అమెరికా అంతరిక్ష నౌక 2000 ఫిబ్రవరిలో రాడార్‌తో తీసిన పటం ఉచితంగా దొరుకుతుంది. అందులో జలాశయాల నీటి ఉపరితలం ఆ ఫిబ్రవరిలో ఎంత ఉందో అంతే ఉంటుంది, పూర్తిస్థాయి మట్టం కాదు. తరవాత కట్టినవి అసలే ఉండవు. పులిచింతల ఉండవలసిన చోట మామూలు కృష్ణా లోయ. మల్లన్నసాగర్ ఉండవలసిన చోట పొలాలు, వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్. పట్టికకు దాని వల్ల ఉపయోగం లేదు గానీ ఆ పటాన్ని మాత్రం దాచుకున్నాను. ముంపు ఊళ్ల నేల ఎత్తులు చెప్పే కాగితం ఇకమీదట సులువుగా దొరకదు.

జూన్, మొదటి వారం

మేస్త్రీ గారు వచ్చారు. మెట్ల దారిలో ఎత్తు కొలవడం టేపు పట్టుకుని నిలబడితే అయ్యే పని కాదు. మెట్లు మధ్యలో తిరుగుతాయి, గోడ మారుతుంది, మలుపు దగ్గర టేపు వంగుతుంది. ఆయన తెచ్చింది నీళ్లు నింపిన పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు. ఒక కొన ఈ గోడ మీది గీత దగ్గర, రెండో కొన ఆ గోడ దగ్గర. రెండు చోట్లా నీళ్లు నిలిచిన చోటు ఒకే ఎత్తు. గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. జలాశయాల మట్టాలను గోడకెక్కించడానికి ఇంతకంటే తగిన పనిముట్టు ఉండదు.

సున్నా ఎక్కడ పెట్టాలన్నది చిన్న పంచాయితీ అయింది. పార్కింగ్ నేల వాననీళ్లు పోవడానికి వాలుగా ఉంది. మొదటి మెట్టు పాదం దగ్గర సముద్రమట్టం అని నిర్ణయించాం. అక్కడి నుంచి మేస్త్రీ గారు తన అలవాటు ప్రకారం మీటరు ఎత్తున లెవెల్ గీత కొట్టారు, ఏ ఇంట్లోనైనా తలుపులు, కిటికీలు, స్విచ్చు బోర్డులు ఆ గీతను బట్టే వస్తాయి. మా లెక్కలో అది సరిగ్గా 100 మీటర్లు, అంటే మేడిగడ్డ బ్యారేజీ పూర్తిస్థాయి మట్టం. "ఇది ఏ ఇంటికండీ?" అని అడిగారు ఆయన. కాళేశ్వరం అన్నాను. "అక్కడ లెవెల్ దిగిపోయిందన్నారు గదండీ" అన్నారు.

అన్నమాట నిజమే. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్ల మధ్య స్తంభాలు, కుంగాయి. అప్పటి నుంచి గేట్లు ఎత్తే ఉంచారు, 100 మీటర్ల దగ్గర నీళ్లు నిలవడం లేదు. అయినా గీత గీతే. దాని పక్కన ఖాళీ గుండ్రం వేశాను.

ఆ గీత దగ్గరే సోమశిల 100.58, అనకాపల్లి వైపు కోనాం 101.25. గోదావరి, పెన్నా, విశాఖ మన్యం వాగులు అంగుళం మేర గోడలో సర్దుకున్నాయి.

జూన్, రెండో వారం: కింది మెట్టు

అందరూ పెద్ద డ్యామ్‌ల గీతలు చూస్తారు గానీ నాకు ఎక్కువ సమయం పట్టింది అడుగు నుంచి మూడు సెంటీమీటర్ల దగ్గర. కొల్లేరు అక్కడుంది.

కొల్లేరును ఎవరూ ఎఫ్‌ఆర్‌ఎల్‌తో చెప్పరు, కాంటూరుతో, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతతో చెబుతారు. ప్లస్ మూడు, ప్లస్ అయిదు, ప్లస్ పది. అవి సముద్రమట్టం నుంచి అడుగులు. ప్లస్ మూడు కాంటూరు దాకా నీళ్లుంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ప్లస్ అయిదుకు 308. ప్లస్ పదికి 901. ఇప్పుడు గోడ మీద చూడండి. ప్లస్ మూడు అంటే 9 మిల్లీమీటర్లు, ప్లస్ అయిదు అంటే 15 మిల్లీమీటర్లు, ప్లస్ పది అంటే 30 మిల్లీమీటర్లు. మెట్ల పక్కన అతికించే స్కర్టింగ్ టైలు మందం కూడా దాటని ఆ ఆరు మిల్లీమీటర్ల మధ్య 173 చదరపు కిలోమీటర్ల నేల ఉంది. దాని మీద చేపల చెరువులు, ఊళ్లు, పడవ దారులు, పక్షులు, కోర్టు కేసులు. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది ప్లస్ అయిదు దాకా ఉన్న నేలనే. దాన్ని ప్లస్ మూడుకు తగ్గించాలన్న డిమాండు ఎన్నికలు వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. రెండడుగులే కదా అనిపిస్తుంది వినేవారికి. కొల్లేటి జనానికి అది జీవనాధారం, కొంగలకూ అంతే. నా ఉద్దేశంలో ఈ గోడ మొత్తానికీ ఎక్కువ బరువున్న ఆరు మిల్లీమీటర్లు ఇవే.

ఇంకొక సంగతి. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన నీళ్లన్నీ కొల్లేరులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. ఆ ఏరు అరవై కిలోమీటర్ల పైన సాగి దిగేది ఈ సెంటీమీటరున్నర లోపే. వాలు లేని ఏరు ఎంత తొందరపడగలదు? 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచి కొల్లేరు వైపు వెళ్లినప్పుడు, అక్కడి ఊళ్లలో నీళ్లు రోజుల తరబడి ఎందుకు కదల్లేదో మెట్టు మీద కూర్చుని స్కేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

పనిమనిషి మర్నాడు తడిబట్ట పెట్టి ప్లస్ మూడు గీతను తుడిచేసింది. షరతు ప్రకారం తుడిస్తే పోవాలి కాబట్టి అభ్యంతరం చెప్పడానికి లేదు. ఇప్పుడు ఆ చోట స్కర్టింగ్ టైలు మీద పారదర్శక టేపు ఉంది.

జూన్, మూడో వారం

కొల్లేరు తరవాత పని వేగం అందుకుంది. మేఘాద్రిగెడ్డ 61 అడుగులు, ప్రకాశం బ్యారేజీ 57.05 అడుగులు, ఒకదాని పక్కన ఒకటి. పోలవరం 45.72 మీటర్లు, పులిచింతల 53.34 మీటర్లు. పోలవరం కుడి కాలువ గోదావరి నీళ్లను కృష్ణకు ఎలా తెస్తుందని మొదటి అంతస్తు పిల్లవాడు అడిగాడు. గోడ చూపించాను. పోలవరం గీత నుంచి ప్రకాశం బ్యారేజీ గీతకు 28 సెంటీమీటర్ల దిగుడు ఉంది. ప్రాజెక్టు నిండితే నీళ్లు వాటంగానే వస్తాయి. అది నిండే లోపు 2015లో పట్టిసీమ దగ్గర పంపులు పెట్టి, నదిలోంచి ఎత్తి అదే కాలువలో పోయడం మొదలుపెట్టారు.

గోడ మీద నాకు నచ్చిన దిగుడు తెలుగుగంగది. శ్రీశైలం 269.75 నుంచి సోమశిల 100.58కి, అక్కడి నుంచి కండలేరు 85కి, 152 కిలోమీటర్ల కాలువలో తమిళనాడు సరిహద్దుకు, చివరికి చెన్నైకి నీళ్లిచ్చే పూండి 42.67కు. మహాబలేశ్వరం వైపు పుట్టిన నది నీళ్లు మోటారు లేకుండా చెన్నై చెరువుల దాకా వస్తున్నాయంటే దానికి కారణం ఈ నాలుగు గీతల వరస. ఇరవై ఏడు వందల మాటలు రాసినా ఇంత తేలిగ్గా అర్థం కాదు.

తమాషా అయిన చోటు మూడు మీటర్ల పైన, మొదటి అంతస్తు గడప దాటాక ఉంది. సీలేరు మీది డొంకరాయి 1037 అడుగులు, అంటే 316.08 మీటర్లు. మధ్య మానేరు 318. కృష్ణ మీది జూరాల 318.516. మూడు వేర్వేరు నదులు, మూడు వేర్వేరు దిక్కులు, గోడ మీద మూడు వేళ్ల మందంలో. పేర్ల చీటీలు పట్టక పక్కకు జరిపి బాణాలు గీయవలసి వచ్చింది.

దానికి ఒక్క మెట్టు పైన శ్రీరామసాగర్, 332.54. ఈ మెట్టు తేడాతోనే వరద కాలువ పోచంపాడు నుంచి మధ్య మానేరుకు పారుతుంది. పునరుజ్జీవన పథకం పేరుతో అదే కాలువలో రాంపూర్, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ దగ్గర పంపులు పెట్టి నీళ్లను వెనక్కి ఎక్కించే ఏర్పాటు చేశారు. వాలు తక్కువగా ఉంది కాబట్టే అది కుదిరింది. కాలువ ఏటవాలుగా ఉండి ఉంటే నీళ్లు వెనక్కి నడిపించాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు.

జూన్, చివర: పట్నం నీళ్లు

మూడో అంతస్తులో నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఇంజినీరు గారున్నారు. ఇన్నాళ్లూ కళ్లద్దాలు సవరించుకుని చూసి వెళ్లేవారు. హైదరాబాద్ దగ్గరకు వచ్చేసరికి కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు.

1908 మూసీ వరద తరవాత విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన మూసీ మీద గండిపేట 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట 545.59, హిమాయత్‌సాగర్ 537.51, హుస్సేన్‌సాగర్ 513.41. పై రెండూ ఊరికంటే ఎత్తున ఉన్నాయి, అందుకే గండిపేట నీళ్లు కాలువలో పడి నగరానికి నడిచి వచ్చేవి. "ఆ తరవాత తెచ్చుకున్నవన్నీ మోసుకొచ్చిన నీళ్లేనండి" అన్నారు ఇంజినీరు గారు. సింగూరు 523.6. ఊరి మధ్య ఉన్న హుస్సేన్‌సాగర్ కంటే పది మీటర్లు ఎత్తుగానే కనిపిస్తుంది గానీ గండిపేట కంటే 22 మీటర్లు కింద. కృష్ణ నీళ్ల కథ మరీ ఘోరం. నాగార్జునసాగర్ 179.83. పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లిలో, 245 మీటర్ల దగ్గర పోసి, అక్కడి నుంచి మళ్లీ పంపుల మీద పంపులు. సాగర్ గీత నుంచి హుస్సేన్‌సాగర్ గీత దాకా గోడ మీద 333 సెంటీమీటర్లు, అంటే మా ఇంటి ఒక అంతస్తు కంటే ఎక్కువ. హైదరాబాద్‌లో కుళాయి తిప్పేవారు ఆ అంతస్తు కరెంటు బిల్లు కూడా తిప్పుతున్నట్టే.

అదే మూసీ, గండిపేట నుంచి సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు 196.6కు చేరేసరికి 349 మీటర్లు దిగుతుంది. కింది నుంచి ఎంతో ఖర్చుతో ఎక్కించిన నీళ్లు మురుగై ఉచితంగా దిగిపోతాయి.

గోదావరి నీళ్లను మెట్టు మెట్టుగా పైకి ఎత్తిపోసే కాళేశ్వరం నిచ్చెన కూడా పూర్తి చేశాను. మేడిగడ్డ 100, అన్నారం 119, సుందిళ్ల 130, ఎల్లంపల్లి 148, మధ్య మానేరు 318, అనంతగిరి 397, రంగనాయకసాగర్ 490, మల్లన్నసాగర్ 557, కొండపోచమ్మసాగర్ 618. గోడ మీద అడుగు నుంచి మొదటి నాలుగు గీతలు దగ్గర దగ్గరగా, జానెడు లోపు ఎడంలో ఉన్నాయి. ఎల్లంపల్లి నుంచి మధ్య మానేరుకు ఒక్కసారిగా 170 సెంటీమీటర్లు, నా నిలువెత్తు. వివాదమంతా కింది మూడు బ్యారేజీల చుట్టూ తిరుగుతోంది గానీ బరువు ఎత్తేది ఎల్లంపల్లి పైనుంచే. కడెం నీళ్లు, పోచంపాడు వదిలిన నీళ్లు ఎల్లంపల్లికి తమంతట తామే వస్తాయి కాబట్టి కింది మూడింటితో పని లేకుండానే పై నిచ్చెన నడపవచ్చు. ఈ మాట చర్చల్లో ఎంత అరిచినా వినిపించదు. మెట్లెక్కుతూ చూస్తే కనిపిస్తుంది.

జూలై, మొదటి పక్షం

రెండో అంతస్తు దగ్గరకు వచ్చేసరికి గీతలు పలచబడ్డాయి. కృష్ణ మీది ఆల్మట్టి 519.6, నారాయణపూర్ 492.25, తుంగభద్ర 1633 అడుగులు, అంటే 497.74. ఇవి దాటాక పైకి వెళ్లేవి మన్యం నీళ్లే. జలాపుట్ 2750 అడుగులు, డుడుమ 2590, బలిమెల 1516, సీలేరు గుంటవాడ 1360, డొంకరాయి 1037. మీటర్లలో 838.2 నుంచి 316.08 దాకా ఒకే నీళ్లు ఆంధ్ర, ఒడిశా సరిహద్దు వెంట దిగుతాయి. డుడుమ నుంచి బలిమెలకు దిగేటప్పుడు 327 మీటర్ల తేడా ఉంది, ఆ దిగుడులోనే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 120 మెగావాట్లు. డొంకరాయి నుంచి కిందికి దూకే చోట దిగువ సీలేరు కేంద్రం 460 మెగావాట్లు. తరవాత ఆ నీళ్లు శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదావరిలో పడతాయి. హైదరాబాద్ నీళ్లు కరెంటు తిని పైకెక్కితే, సీలేరు నీళ్లు కరెంటు ఇచ్చి కిందికి దిగుతాయి. గోడకు ఆ పక్కన ఎర్ర టేపు, ఈ పక్కన పచ్చ టేపు వేశాను. ఇంజినీరు గారు తల ఊపారు, ఆయన దగ్గర అది పెద్ద మెప్పు.

అన్నిటికంటే పైన తిరుమల. పాపవినాశనం 697.14 మాత్రం కాస్త కింద ఉంది. ఆకాశగంగ 865, గోగర్భం మీటర్లలోకి మారిస్తే 882.09, కుమారధార, పసుపుధార రెండూ 898.24. నిల్వలో ఇవి శ్రీశైలం ముందు చెంబెడు నీళ్లు కూడా కావు. కానీ నా పట్టికలో శిఖరం అవే. మూడో అంతస్తు గడపకు జానెడు కింద ఆ గీత వచ్చింది. అక్కడ ఉండే పెద్దావిడ చీటీ చదివి, రోజూ వాకిలి తుడిచి చిన్న ముగ్గు పెడుతోంది. తీసేయమని చెప్పే ధైర్యం అసోసియేషన్‌కు కూడా లేదు.

ఆగస్టు

ఎగువ నుంచి వరద మొదలైంది. పూర్తిస్థాయి గీతల పక్కన నూలు దారం నిలువుగా కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులను ఆ రోజు మట్టం దగ్గర గుచ్చుతున్నాను. పొద్దున పాలు తెచ్చుకునేటప్పుడు పేపరు చూసి జరపడం పిల్లల పని.

క్లిప్పులు కదిలాక కొత్త సంగతులు తెలుస్తున్నాయి. సాగర్ క్లిప్పు తిరిగే మేర చాలా ఎక్కువ: కాలువలకు కనీసమైన 510 అడుగుల నుంచి 590 దాకా 24 సెంటీమీటర్లు. శ్రీశైలంలో అసలు గొడవంతా ఇంతకంటే చిన్న చోట జరుగుతుంది. 885 పూర్తిస్థాయి, 854 దగ్గర పోతిరెడ్డిపాడు (శ్రీశైలం నీళ్లు రాయలసీమ కాలువల్లోకి వెళ్లే తూము) గురించి రాయలసీమ పట్టుబట్టే మట్టం, 841 అక్కడి తూము అంచు, 798 దగ్గర ముచ్చుమర్రి ఎత్తిపోతల అందుకోగల మట్టం. 885 నుంచి 854కు గోడ మీద తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. రెండు రాష్ట్రాల మధ్య లేఖలు, బోర్డు సమావేశాలు, కోర్టు కేసులు చాలావరకు ఈ తొమ్మిదిన్నర సెంటీమీటర్ల చుట్టూనే. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలు మునిగిన వరదలో ఇదే నీళ్లు 896.5 అడుగులకు చేరాయి. ఆ మట్టం దగ్గర ఎర్ర చుక్క పెట్టాను, పూర్తిస్థాయి గీతకు మూడున్నర సెంటీమీటర్ల పైన.

వానకు మొదటి, రెండో అంతస్తుల మధ్య గోడ చెమ్మగిల్లింది. కాగితపు టేపు ఊడి జూరాల, మధ్య మానేరు చీటీలు రాలాయి. పెన్సిలు గీతలు ఉన్నాయి కాబట్టి నష్టం లేదు. గోడ ఆరాక పారదర్శక టేపుతో మళ్లీ అంటించాలి.

సెప్టెంబరు

ఇంకా తేలనివి రెండు గీతలు. పోలవరానికి 45.72 దగ్గర ఒకటి, తొలిదశ కింద చెప్పే 41.15 దగ్గర ఒకటి, రెండూ చుక్కల గీతలే. డ్యామ్ పూర్తయి నీళ్లు నిలిచేదాకా ఏదీ నిండు గీత కాదని ఇంజినీరు గారి పట్టుదల. ఆల్మట్టి దగ్గర మాత్రం నేను ఆయనతో వాదిస్తున్నాను. 2010లో కృష్ణా నీళ్ల పంపకం తేల్చే బ్రిజేశ్‌కుమార్ ట్రైబ్యునల్ 524.256 మీటర్ల ఎత్తుకు అనుమతించింది. ఆ తీర్పు అమల్లోకి రాలేదు, నీళ్లు 519.6 దగ్గరే నిలుస్తున్నాయి. చుక్కల గీత కూడా వద్దు, గోడ మీద పెడితే ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అంటారు. పెట్టకపోతే కింద జూరాల, శ్రీశైలం, సాగర్ క్లిప్పులు ఏదో ఒక ఏడాది ఆలస్యంగా ఎందుకు కదులుతాయో పిల్లలకు ఎలా చెప్పాలని నేనంటాను. ప్రస్తుతానికి 4.7 సెంటీమీటర్ల ఆ చోటు ఖాళీగా ఉంది, పెన్సిలు అక్కడే మెట్టు మీద ఉంది. ఈలోగా స్వర్ణముఖి, నాగావళి, వంశధార పట్టిక మొదలుపెట్టాను.